ఓపెన్ మైక్ పెట్టే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వూ, నీతో కవిత్వం రాసే నలుగురూ కలిసి అమలాపురంలో నెలకోసారి ఓపెన్ మైక్ పెట్టాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా మంచి పని. మన వైపు కవి సమ్మేళనాలకి కొదవ లేదు గానీ, ఎవరూ పిలవకపోయినా తనంతట తాను వచ్చి పేరు రాయించుకుని చదివే వేదిక తక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

పుస్తకంలో ఒక పాదం అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాం. సభలో ఆ వీలు లేదు, కవిత ఒక్కసారే వినపడుతుంది. హాలు దగ్గర్నుంచి మైకు దాకా, కవుల వరస దగ్గర్నుంచి కవిత ఎంపిక దాకా, ఆఖరి వరసలో కూర్చున్న మనిషికి ఆ ఒక్కసారీ తేటగా వినపడుతుందా లేదా అన్నదే చూసుకో.

రోజు పెట్టుకునేటప్పుడు పంచాంగమూ చూడాలి, పొలమూ చూడాలి. సార్వా (వానాకాలం పంట) కోతలప్పుడు పల్లెల నుంచి మనుషులు రారు, పైగా అవి తుఫాను రోజులు. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడూ అంతే. కార్తీకంలో ఊరంతా గుడి మైకులు మోగుతుంటాయి. సంక్రాంతి వారం ఊసే వద్దు. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ పెళ్లిళ్లుండవు కాబట్టి హాళ్లు ఖాళీగా ఉంటాయి, బేరమూ కుదురుతుంది, వీధిలో డీజే గోలా ఉండదు. కాకపోతే వానాకాలంలో రేకుల షెడ్డు తీసుకోకు. జల్లు పడిందంటే ఆ చప్పుడు ముందు ఏ మైకూ ఆగదు. సాయంత్రం 6:30కి మొదలుపెట్టి 8:30 లోపు ముగించు. రాజోలు, ముమ్మిడివరం వైపు వెళ్లేవాళ్లు బస్సు కోసం మధ్యలో లేస్తే ఆఖరున చదివే కవికి ఖాళీ కుర్చీలే మిగులుతాయి. ఆరుబయట పెట్టేటట్టయితే మైకుకి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు.

60 మంది పట్టే గ్రంథాలయం హాలో, బడి హాలో చాలు. ముందు 30 కుర్చీలే వేసి, మిగతావి గోడవార పేర్చి ఉంచి, జనం వచ్చేకొద్దీ వేయించు. అన్నీ ముందే వేస్తే అందరూ వెనకాలే కూర్చుంటారు, చదివేవాడికి ఎదురుగా ఖాళీ కనపడుతుంది.

ఇక మైక్‌సెట్టు. చాలా కార్యక్రమాలు చెడేది ఇక్కడే. మైక్‌సెట్టు కుర్రాళ్లకి పెళ్లిళ్లూ, జాతర్లూ, భజనలూ అలవాటు. పాటకి బాగుంటుందని ఎకో పెట్టి ఉంచుతారు. కవితకి అది విషం. ఒక మాట తోక ఇంకో మాట తల మీద పడి ఒత్తులన్నీ కలిసిపోతాయి. వెళ్లగానే ఎకో పూర్తిగా తీయించు, బేస్ తగ్గించమను. గొట్టం మైకులు హాల్లోకి వద్దు, రెండు స్పీకరు బాక్సులు చాలు. అవి చదివేవాడి కన్నా ముందుండాలి, జనం వైపు తిరిగి ఉండాలి, కూర్చున్నవాళ్ల తలల కన్నా ఎత్తులో ఉండాలి. బాక్సు మైకు వెనకాల ఉంటే అందులోంచి వచ్చిన చప్పుడు మళ్లీ మైకులోకే పోయి, తిరిగి బాక్సులోకొచ్చి, ఆ తిరుగుడులో కుయ్యిమని కూత పెడుతుంది. అప్పుడు సౌండ్ తగ్గించి ఊరుకోకండి. బాక్సు ముందుకి జరపండి, లేదా చదివేవాడు మైకుకి ఇంకొంచెం దగ్గరగా రావాలి.

చదివేవాళ్లకి నువ్వు చూపించాల్సినవి ఇవి. నోటికీ మైకుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. మైకు నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి ఉండాలి, లేకపోతే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా గాలి తగిలి ‘ధబ్’మంటుంది. మైకు జాలీని పిడికిట్లో బిగించి పట్టుకోకూడదు, అలా మూస్తే కూత ఇంకా ఎక్కువవుతుంది. ఊది చూడటం, వేలితో కొట్టి చూడటం మానెయ్యాలి. పొట్టి మనిషి తర్వాత పొడుగు మనిషి వస్తే స్టాండు సరిచేయడానికి మీలో ఒకరు పక్కనే నిలబడండి. కవి చేత ఆ పని చేయించకండి, బిగువు తెలియక స్టాండు మీద పడుతుంది. మైకు మీదకి గాలి కొట్టే ఫ్యాను ఒక్కటి ఆపించు. కరెంటు పోతుందన్న లెక్కతోనే ఉండు. ఛార్జింగ్ బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరొకటి, వైరు మైకొకటి దగ్గరుంచుకో. అవీ పనిచేయకపోతే కుర్చీలు ముందుకి లాగించి మైకు లేకుండానే చదివించు.

కవిత సంగతికొస్తే, మొదటి రెండు పాదాల్లోనే ఎక్కడ, ఎవరు అన్నది తెలిసిపోవాలి. మూడు నాలుగు పదాలు కలిసిన సమాసాలు చెవికి అందవు. ముందు రోజు ఇంట్లో కవిత్వం చదవని మనిషికి ఒకసారి చదివి వినిపించి, గంట తర్వాత ఏం గుర్తుందని అడగమను. ఏమీ చెప్పలేకపోతే ఆ కవిత పత్రికకి పంపొచ్చు, మైకుకి పనికిరాదు.

చదవడంలో మనవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాదం చివర గొంతు దించేస్తారు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఏం జరిగిందో చెప్పే మాట అదే, గొంతు దిగగానే అదే వినపడకుండా పోతుంది. ఉదాహరణకి ఈ మూడు పాదాలు చూడు:

కాలవ కట్టేసిన వేసవిలో
అడుగున ఆనిన పడవ
నీళ్ల కోసం చెవి ఒగ్గింది

‘వేసవిలో’ తర్వాత అర ఊపిరి ఆగాలి, ఎండిన కాలవ వినేవాడి కంటికి కట్టాలి. ‘పడవ’ దగ్గర ఆగకూడదు, ఆగితే వాక్యం తెగుతుంది. ‘ఒగ్గింది’ని ‘కాలవ’ అన్నంత గట్టిగానే అనాలి. అన్నాక రెండు క్షణాలు కదలకుండా నిలబడి, అప్పుడు కాగితం దించాలి. చివరి మాట నోట్లో ఉండగానే నమస్కారం పెట్టేస్తే చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియదు.

పద్యాలు చదివేవాళ్లూ వస్తారు, రానివ్వు. పద్యనాటకం విన్న చెవులు మన డెల్టాలో ఇంకా ఉన్నాయి. అయితే రాగం తీస్తూ పోతే ఒక్క సీస పద్యమే నాలుగు నిమిషాలు తింటుంది. ముందు పద్యాన్ని అర్థం తెలిసేలా పదాలు విడగొట్టి మామూలుగా ఒకసారి చెప్పి, తర్వాత రాగంతో ఒకసారి చదవమను. యతి దగ్గర ఆగాలనుకునే కుర్రాళ్లుంటారు. సంస్కృతంలో యతి విరామం, మనకి అది అక్షరమైత్రి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం జత కుదరడం. ఆగాల్సింది అర్థం తెగేచోట.

కాగితం మీద 16 పాయింటు అక్షరాలు, ఒకవైపే ప్రింటు, పరీక్ష అట్టకి క్లిప్పు పెట్టి. విడి కాగితం ఫ్యాను గాలికి రెపరెపలాడుతుంది, చెయ్యి వణికితే అదీ కనపడుతుంది. ఫోను చూసి చదివేవాళ్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోవాలి. మొదటి నాలుగు పాదాలూ చివరి నాలుగు పాదాలూ మాత్రం కంఠతా రావాలి, అప్పుడే కళ్లు జనం వైపు ఉంటాయి.

సమయం లెక్క ఇలా వేసుకో. 12 మందికి తలా 5 నిమిషాలు, అంటే 60. మధ్యలో పిలవడానికి, స్టాండు సరిచేయడానికి మనిషికో నిమిషం, 12. మీ ఐదుగురూ కలిసి చదివే అంశానికి 20. టీకి 10. మొత్తం 102 నిమిషాలు, మిగిలిన పద్దెనిమిదీ ఆలస్యాలకి. ముప్పై పొట్టి పాదాల కవిత నెమ్మదిగా చదివినా రెండు నిమిషాలే పడుతుంది కాబట్టి 5 నిమిషాలు ధారాళం. పేర్లు 6 గంటలకి రిజిస్టరులో రాయించు. 12లో మూడు చోట్లు మొదటిసారి చదివేవాళ్లకే ఉంచు. నాలుగో నిమిషం అవగానే వెనక నుంచి ఒకరు ఫోను లైటు చూపించాలి. ఈ సంగతి మొదట్లోనే అందరికీ చెప్పెయ్యి. పెద్దవాళ్లకైనా లైటు చూపించాల్సిందే. ఒక్కరికి మినహాయిస్తే రెండో నెల నుంచి ఎవరూ వినరు.

వేదిక మీద కుర్చీలు వెయ్యొద్దు. కుర్చీలు వేస్తే అధ్యక్షుడొస్తాడు, తర్వాత జ్యోతి, శాలువాలు, ఉపన్యాసాలు. పెద్దల్ని గౌరవించాలంటే ముందు వరసలో కూర్చోబెట్టి, వాళ్ల చేత కూడా కవిత చదివించు. వ్యాఖ్యాతగా ఆ రోజు చదవనివాళ్లు ఉండటం మేలు. పేరూ ఊరూ చెప్పి పిలిస్తే చాలు. చదివిన కవితకి వ్యాఖ్యాత అర్థం చెప్పకూడదు, అది విన్నవాళ్లకి వదిలెయ్యాలి.

వరసలో మొదట మీ ఐదుగురిలో గట్టి గొంతున్నవాళ్లెవరైనా ఒక చిన్న కవిత చదవాలి, మైకు సరిగ్గా ఉందో లేదో దాంతో తేలిపోతుంది. కొత్తవాళ్లని రెండు, ఐదు, ఎనిమిది స్థానాల్లో వెయ్యి. మొదటా వద్దు, ఆఖరునా వద్దు. బాగా చదివే మనిషి దిగగానే కొత్తవాళ్లని పిలవకు, ఆ పోలికకి బెదిరిపోతారు.

మీ ఐదుగురూ కలిసి చదివే అంశానికి సాధన ఎక్కువ కావాలి. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా అవధానాలు చేసిన నేల ఇది. కలిసి చెప్పడం మనకి కొత్త కాదు, కానీ ఐదు గొంతులు ఒకేసారి పలికితే హల్లులు మసకబారతాయి. అందుకని పాదాలు పంచుకోండి, పల్లవిలా తిరిగొచ్చే ఒక్క పాదమే అందరూ కలిసి అనండి. ఆ పాదానికి ముందు ఒకరు తల పైకెత్తి ఊపిరి తీసుకుంటే మిగతావాళ్లు అది చూసి అందుకోవాలి. రెండు మైకులతో అర్ధచంద్రాకారంలో నిలబడండి. ఒకరు ముగించే మాట మీదే ఇంకొకరు అందుకోవాలి, మధ్యలో ఖాళీ వస్తే మరిచిపోయారనుకుంటారు. మూడు సాధనలు చేస్తే, అందులో ఒకటి ఆ హాల్లోనే, అదే మైకు మీద జరగాలి.

వీడియో తీస్తే ప్రతి కవినీ ముందే అడుగు. కొన్ని పత్రికలూ పోటీలూ ఎక్కడా ప్రచురించలేదని హామీపత్రం అడుగుతాయి. నెట్‌లో వీడియో పెట్టేశాక ఆ హామీపత్రం మీద సంతకం చేయడం కష్టం. ఊళ్లో మనిషిని పేరు పెట్టి తిట్టే కవితలు చదవకూడదని రిజిస్టరు మొదటి పేజీలోనే రాసిపెట్టు. ఎవరైనా మొదలుపెడితే మైకు తీసేసుకోవడం కాదు, వ్యాఖ్యాత దగ్గరికొచ్చి నిలబడితే చాలావరకు ఆపేస్తారు.

టీ మధ్యలోనే ఇప్పించు, గ్లాసులన్నీ తీశాక మళ్లీ మొదలుపెట్టు. దోమల చుట్టలు కిటికీల దగ్గర ముందే వెలిగించాలి, మైకు దగ్గర వద్దు, పొగకి గొంతు పట్టేస్తుంది. మైక్‌సెట్టు అబ్బాయికి డబ్బులు ఆ రాత్రే చేతిలో పెట్టి, ఎకో తీసేసిన సెట్టింగు ఫోటో తీసుకుని, వచ్చే నెల తేదీ కూడా అతనికి చెప్పేసి ఇంటికి రా.

మీ బాబాయి