‘తెల్ల క్యాబేజి సీతాకోకచిలుక’ – తెలుపు దేనికి చెందుతుంది?

సందేహం: మాది విశాఖపట్నం. ఎంవీపీ కాలనీలోని ఒక పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. క్యాబేజి పంటను పాడుచేసే తెల్లని సీతాకోకచిలుకను గురించి పిల్లల కోసం గోడపత్రిక తయారుచేస్తూ ‘తెల్ల క్యాబేజి సీతాకోకచిలుక’ అని శీర్షిక పెట్టాను. మా తెలుగు మాస్టారు దానిని ‘క్యాబేజి తెల్ల సీతాకోకచిలుక’ అని దిద్దారు. ఏది ఒప్పు? దాని పిల్లను గొంగళి పురుగు అనాలా, లద్దె పురుగు అనాలా? ‘ఈ సీతాకోకచిలుక క్యాబేజి ఆకులను తింటుంది’ అన్న వాక్యంలో దోషముందా?

సమాధానం: మాస్టారి దిద్దుబాటు సరైనదే. తెలుగులో విశేషణం సాధారణంగా తనకు దగ్గరగా ఉన్న నామంతో ముందుగా కలుస్తుంది. ‘తెల్ల క్యాబేజి సీతాకోకచిలుక’ అన్నప్పుడు చదివేవారికి మొదట అందేది ‘తెల్ల క్యాబేజి’. ఊదారంగు క్యాబేజి కూడా రైతు బజారుకు వస్తున్న ఈ రోజుల్లో, ఇది తెల్లరకం క్యాబేజిని ఆశించే సీతాకోకచిలుక కాబోలునని ఒక పిల్లవాడు అనుకొంటే అది అతని తప్పు కాదు. రెక్కల తెలుపును చెప్పదలచిన మాట రెక్కలున్న ప్రాణి పక్కనే ఉండాలి.

‘పాత చింతకాయ పచ్చడి’ అంటే పాతది చింతకాయ కాదు, పచ్చడే కదా, అక్కడ విశేషణం దూరంగా ఉన్నా అర్థం చెడలేదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అయితే ఆ మాటకు తరతరాల వాడుక అండగా ఉంది. ఆ పచ్చడిని ఎరిగినవారెవరూ పొరబడరు. మీరు పెడుతున్నది పిల్లలు మొదటిసారి వినబోయే పేరు. దానికి వాడుక ఆసరా ఇంకా లేదు గనుక పదాల వరుసే అర్థాన్ని మోయాలి.

సమాసంగా చూస్తే ‘తెల్ల సీతాకోకచిలుక’ విశేషణ పూర్వపద కర్మధారయం. దానికి ముందు ‘క్యాబేజి’ చేరినప్పుడు ‘క్యాబేజిని ఆశించే తెల్ల సీతాకోకచిలుక’ అన్న అర్థంలో నడిమి మాట లోపించిందని గ్రహించాలి. తెలుగువారు పురుగులకు పేరు పెట్టే పద్ధతి కూడా ఇదే: పొగాకు లద్దె పురుగు, శనగ పచ్చ పురుగు. ముందు పంట పేరు, తరువాత పురుగు గుర్తు. 1758లో స్వీడన్ ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ తెల్ల సీతాకోకచిలుకల కుటుంబంలోని రెండు ముఖ్యమైన జాతులకు లాటిన్ పేర్లు పెట్టినప్పుడు ‘బ్రాసికే’, ‘ర్యాపే’ అన్న మాటలను వాడాడు. మొదటిదానికి ‘క్యాబేజి యొక్క’ అనీ, రెండవదానికి ‘టర్నిప్ యొక్క’ అనీ అర్థం. అక్కడా పంటే గుర్తు, అదీ షష్ఠీ విభక్తిలోనే. ఈ పోలిక నాకు ఎంతో సంతోషాన్నిస్తుంది.

ఇంగ్లిషులోని ‘క్యాబేజ్ వైట్’కు కొన్ని అనువాదాల్లో కనిపించే ‘క్యాబేజి తెలుపు’ను మాత్రం మీరు దగ్గరకు రానీయవద్దు. ‘తెలుపు’ రంగు పేరు. అది ప్రాణిని చెప్పదు. తెల్లని ఎద్దును మన రైతు ‘తెల్లది’ అంటాడే గాని ‘తెలుపు’ అనడు.

పేరులో ‘తెల్ల’ అవసరమా, ‘క్యాబేజి పురుగు’ అంటే చాలదా అన్న ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. చాలదు. ‘బ్రాసికే’ జాతి మన దేశంలో ప్రధానంగా హిమాలయ ప్రాంతాల్లోనూ, చలికాలంలో ఉత్తరాది మైదానాల్లోనూ క్యాబేజికీ ఆవాలకూ నష్టం చేస్తుంది. మన ప్రాంతపు క్యాబేజి రైతును ఎక్కువగా బాధించేది అది కాదు. ముడిచిన రెక్కల మీద వజ్రాల వంటి మచ్చలుండే డైమండ్ బ్యాక్ మాత్ అనే చిన్న బూడిదరంగు రెక్కల పురుగు. అరకు రైతు దగ్గర ‘క్యాబేజి పురుగు’ అంటే అతని మనసులో మెదిలేది వేరొక ప్రాణి. అలాగే విశాఖ తోటల్లో మీ పిల్లలు చూసే తెల్ల సీతాకోకచిలుకల్లో రేల చెట్టు ఆకుల మీద పెరిగినవి, వావింట మొక్క మీద పెరిగినవి ఉంటాయి; వాటికి క్యాబేజితో పని లేదు. కాబట్టి ‘క్యాబేజి’, ‘తెల్ల’ రెండూ ఉండాలి. గోడపత్రికలో ఈ తేడాను ఒక వాక్యంలో చెబితే మేలు.

ఇక పిల్ల పురుగు సంగతి. గొంగళి అంటే ముతక ఉన్ని దుప్పటి. ఒంటి నిండా నూగుతో కనిపించే పురుగుకు జనం ఆ పేరు పెట్టారు. కంబళి పురుగు, బొంత పురుగు అన్న మాటలు కూడా కప్పుకొనే వస్త్రాల నుంచి వచ్చినవే. ‘ర్యాపే’ పిల్ల ఆకులో కలిసిపోయే పచ్చరంగుతో, పరీక్షగా చూస్తే తప్ప తెలియని సన్నని నూగుతో ఉంటుంది. ‘బ్రాసికే’ పిల్లకు నల్లని మచ్చలూ కొంత నూగూ ఉన్నా గొంగళి కప్పుకొన్నట్లు ఉండదు. బడి పుస్తకాల్లో సీతాకోకచిలుక పిల్ల ఏదైనా గొంగళి పురుగే అయింది; ఆ అర్థవ్యాప్తిని తప్పుపట్టలేము. అయినా రూపాన్ని చూసి పేరు పెట్టిన మాటను ఆ రూపం ఉన్నచోటనే వాడితే పిల్లల చూపు పదునెక్కుతుందని నా అభిప్రాయం. నేనైతే, ఆకులు తినే పిల్ల పురుగుకు రైతులు వాడే మాటతో ‘లద్దె పురుగు’ అంటాను. ఒక జాగ్రత్త: ఏ విశేషణమూ లేకుండా ‘క్యాబేజి లద్దె పురుగు’ అంటే, క్యాబేజిని కూడా ఆశించే పొగాకు లద్దె పురుగని రైతు అనుకోవచ్చు. కనుక సీతాకోకచిలుక పేరు చెప్పిన తరువాతనే ఈ మాట రావాలి.

మీ మూడవ ప్రశ్నలో దోషం వ్యాకరణానిది కాదు, క్రియాపదానిది. పెద్దదైన సీతాకోకచిలుక పూలలోని మకరందాన్ని పీలుస్తుంది. ఆకును కొరకడానికి దానికి తగిన నోరు లేదు. ఆకు తినేది దాని పిల్ల. ఇక్కడ మన వ్యవసాయదారుల భాషలో రెండు చక్కని మాటలున్నాయి. ఒకటి ‘తల్లి పురుగు’: గుడ్లు పెట్టే దశను వారు అలా పిలుస్తారు. రెండవది ‘ఆశించు’. పురుగు పంటను ఆశించింది అంటారు. కోరుకోవడం, వచ్చి పట్టుకోవడం రెండూ ఆ క్రియలో ఇమిడి ఉన్నాయి. తల్లి సీతాకోకచిలుక ఆకు మీద వాలి, ముందరి కాళ్లతో తాకి, క్యాబేజి, ఆవాలు వంటి ఆవజాతి మొక్కల ఘాటుకు మూలమైన పదార్థాలను గుర్తించిన తరువాతనే గుడ్డు పెడుతుంది. ఆ ఘాటే పిల్లకు ఆకు రుచిని తెలుపుతుంది. ఆ పదార్థాన్ని పూస్తే, మామూలుగా ముట్టని ఆకులను కూడా ఈ పిల్లలు తిన్నాయని 1910లో వెర్షాఫెల్ట్ అనే డచ్చి వృక్షశాస్త్రజ్ఞుడు చూపాడు. తల్లి కోరిక, పిల్ల ఆకలి ఒకే వాసన వెంట నడుస్తున్నప్పుడు రెంటికీ ‘ఆశించు’ ఎంతగా అమరుతుందో చూడండి.

మీ గోడపత్రికలో ఇలా రాయవచ్చు: ‘క్యాబేజి తెల్ల సీతాకోకచిలుక ఆవజాతి పంటలను ఆశిస్తుంది. తల్లి పురుగు ఆకుల మీద గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన లద్దె పురుగులు ఆ ఆకులను తింటాయి.’ ‘సీతాకోకచిలుక’ను మాత్రం విడగొట్టకుండా ఒకే మాటగా రాయండి, ‘సీతాకోక చిలుక’ అని ఎడం పెడితే చివరి మాట పక్షిని తలపిస్తుంది.