సతాయించే కస్టమర్‌కి కారు పని ‘చేయను’ అని ఎప్పుడు చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ: వరంగల్‌లో చిన్న డీటెయిలింగ్ షాపు (కార్లకి పాలిష్, కోటింగ్ లాంటి పనులు చేసే షాపు) పెట్టారు. నల్ల క్రెటా కారుకి సెరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే పల్చటి రక్షణ పొర) చేయించుకున్న ఒకాయన నెల తిరక్కముందే టార్చి పట్టుకుని పదే పదే వస్తున్నాడు. నీటి మచ్చలు పడ్డాయి, ఫ్రీగా మళ్లీ పాలిష్ కొట్టమంటున్నాడు. బావమరిది కారు కూడా తెస్తా, సగం రేటుకి చేయమంటున్నాడు. కాదంటే గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి పోతాడేమోనని మీ టెన్షన్.

నేను మియాపూర్ వైపు ఇదే పని చేస్తున్నాను. నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు ఒక మాట. టార్చి పట్టుకొచ్చేవాడంతా వదిలించుకోవాల్సిన కస్టమర్ కాదు. నా దగ్గరికి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చేవారు. ఏ షాంపూ వాడతారు, చక్రాలకీ బాడీకీ వేరే బకెట్లు ఉన్నాయా, కిందపడ్డ మైక్రోఫైబర్ గుడ్డ మళ్లీ వాడతారా అని ఫోన్‌లో రాసుకొచ్చి మరీ అడిగేవారు. మా కుర్రాళ్లు ‘అన్నా, ఈయనతో వేగలేం’ అనేవాళ్లు. కానీ ఆయన అడిగేవన్నీ పని మొదలుకాకముందే అడిగేవారు. ఒప్పుకున్నాక మాట మార్చలేదు, బిల్లులో రూపాయి తగ్గించమనలేదు. వాళ్ల అపార్ట్‌మెంట్ నుంచి నాకు ఇప్పటికీ కార్లు వస్తున్నాయి. నన్ను ఇబ్బంది పెట్టినవాళ్లు వేరే రకం. బండి తెచ్చినప్పుడు ‘మీ ఇష్టం, బాగా చేయండి చాలు’ అంటారు, తీసుకెళ్లేటప్పుడు లెక్కలు తీస్తారు.

అందుకే చేయాలా వద్దా అన్నది బండి తాళం తీసుకోకముందే తేల్చుకోవాలి. నేనైతే ముందు బండి కడిగించి, ఆరాక, లైట్ కింద కస్టమర్‌ని పక్కన నిలబెట్టుకుని చూస్తాను. దుమ్ము మీద చూస్తే సగం గీతలు కనపడవు. గీత మీద గోరు అడ్డంగా గీసినప్పుడు గోరు అందులో చిక్కుకుంటే అది క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) దాటి కిందికి దిగిందని లెక్క. పాలిష్‌తో పూర్తిగా పోదని అప్పుడే చెప్పేస్తాను. తర్వాత పెయింట్ గేజ్, అంటే పెయింట్ మందం కొలిచే మీటర్ పెడతాను. కంపెనీ పెయింట్ మామూలుగా మొత్తం 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దగ్గర చూపిస్తుంది. ఒక ప్యానెల్ మీద 300 దాటిందంటే మళ్లీ పెయింట్ వేశారన్నమాట, లప్పం కూడా పెట్టి ఉండొచ్చు. తొంభైకి దిగువన ఉంటే నేను రోటరీ పాలిష్ మెషిన్ జోలికే పోను. ఆ మొత్తంలో పైనుండే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఎండని ఆపేది అదే. కాంపౌండ్ (గీతలు అరగదీసే పేస్టు) కొట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది.

ఒకాయన సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నల్ల సెడాన్ తెచ్చాడు. ఒక్క గీత కూడా కనపడకూడదు, అద్దంలా మెరవాలన్నాడు. బానెట్ మీద గేజ్ 300 పైన, డ్రైవర్ డోర్ అంచు దగ్గర 70 చిల్లర. ముందున్న ఓనర్ గట్టిగానే పాలిష్ కొట్టించినట్టున్నాడు. అంకెలు చూపించి, ఈ డోర్ మీద ఇంకోసారి కొడితే అంచు దగ్గర రంగు లేచిపోతుంది, సగం వరకే తగ్గించగలను అన్నాను. ‘వేరే షాపులో మొత్తం పోతాయన్నారు, మీకు చేతకాదేమో’ అన్నాడు. ‘అలాగే అనుకోండి సార్, వాళ్ల దగ్గరే చేయించుకోండి, ఈ పెయింట్ మీద మీరు అడిగిన ఫినిష్ నేను తేలేను’ అన్నాను. కోపంగా వెళ్లిపోయాడు, వెళ్లనిచ్చాను. మెషిన్ వేడికి డోర్ మీద పెయింట్ లేచిపోతే మళ్లీ పెయింట్ ఖర్చు నా నెత్తినే పడుతుంది. ఆ పనిలో నాకు మిగిలేదానికంటే ఆ బిల్లే ఎక్కువ.

నేను ఇంకెక్కడ ఆగుతానంటే, ఇంతకుముందు వెళ్లిన షాపులన్నిటినీ తిట్టేవాడి దగ్గర. ఒక షాపుని తిట్టాడంటే వాళ్లు నిజంగానే పాడు చేసి ఉండొచ్చు. నాలుగింటినీ తిట్టాడంటే ఐదో పేరు మనదే. జాబ్ కార్డ్ (ఒప్పుకున్న పని రాసుకునే కాగితం) మీద సంతకం అడిగితే ‘నమ్మకం మీద చేద్దాం అన్నా’ అనేవాడు కూడా అంతే. ఇక కుర్రాళ్లని బూతులు తిట్టేవాడి తాళం అక్కడికక్కడే చేతిలో పెట్టేస్తాను. దానికి గేజ్ అక్కర్లేదు.

కొత్త బండ్లతో ఇంకో తంటా. ఈ సాయంత్రం కోటింగ్ వేసిస్తే రేపు పొద్దున్నే యాదగిరిగుట్టలో వాహన పూజ అంటారు. కోటింగ్ వేశాక కనీసం 24 గంటలు నీళ్లు తగలకూడదు, వారం దాకా కడగకూడదు. పూజలో బానెట్ మీద పసుపు కుంకుమ పెడతారు, నీళ్లు చల్లుతారు. పూజ చేయించుకుని రండి, తర్వాత వేద్దాం అంటే చాలామంది వింటారు. ‘ఏం కాదులే, వేసేయ్’ అని పట్టుబట్టేవాడికి నేను వేయను. మచ్చ పడితే పంతులుగారిని అడగడుగా, నన్నే అడుగుతాడు.

యూట్యూబ్‌లో బానెట్ మీద లైటర్‌తో మంట పెట్టే వీడియోలు చూసి, కోటింగ్ వేస్తే ఇక ఏమీ కాదనుకుని వచ్చేవాళ్లకి కాస్త ఓపిగ్గా చెప్పాలి. కోటింగ్‌కి చెప్పే 9హెచ్ అంటే పెన్సిల్ గట్టిదనంతో కొలిచే కొలత. తాళంతో గీస్తే గీత పడుతుంది. రాళ్ల దెబ్బలకి కావాలంటే పీపీఎఫ్ (పెయింట్ మీద అతికించే మందపాటి పారదర్శక ఫిల్మ్) వేయించుకోవాలి. ఇంత చెప్పాక కూడా ‘గీత పడితే మీదే గ్యారంటీ’ అంటే ఆ పని వదిలేయండి.

వద్దనేటప్పుడు ‘ఈ వారం బిజీ’ అనకండి, వచ్చే వారం వచ్చి నిలబడతాడు. రేటు రెట్టింపు చెప్తే పారిపోతాడని కొందరు అంటారు. అది ఇంకా ప్రమాదం. ఒప్పేసుకున్నాడనుకోండి, డబుల్ రేటు ఇచ్చాను కదా అని డబుల్ పని అడుగుతాడు. కారణం ఉన్నదున్నట్టు చెప్పడమే తేలిక. సగంలో తగాదా వస్తే బండిని అలా వదిలేయకుండా మొదలుపెట్టిన స్టెప్ పూర్తిచేసి, ఫొటోలు తీసి, అయిన పనికి మాత్రం పట్టుకుని మిగతా అడ్వాన్స్ తిరిగి ఇచ్చేయండి.

ఇప్పుడు మీ క్రెటా ఆయన సంగతి. నాకైతే ఆయన్ని ఇప్పుడే వదులుకోవాలనిపించట్లేదు. ఆ మచ్చలు మీ తప్పూ కాకపోవచ్చు, ఆయన అబద్ధం చెప్పడమూ కాకపోవచ్చు. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే సెరామిక్ ఉన్నా మచ్చలు పడతాయి. కోటింగ్ మీద నీళ్లు బొట్లు బొట్లుగా నిలుస్తాయి, ఆరాక అందులో ఉన్న కాల్షియం అక్కడే ఉండిపోతుంది. నలుపు మీద మరీ కనపడుతుంది. బండిని నీడలో పెట్టి, బాడీ చల్లబడ్డాక, తెల్ల వెనిగర్‌లో సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి ఆయన ముందే ఒక చోట తుడవండి, తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. మచ్చ పోతే మిగతా బండి కూడా ఈ ఒక్కసారికి ఫ్రీగా చేసివ్వండి, ఎలా కడగాలో, తడి ఎలా తుడవాలో దగ్గరుండి చూపించండి. పోకపోతే మచ్చ లోపలికి తినేసిందని అర్థం. అప్పుడు పాలిష్ కొట్టాల్సిందే, కొడితే అక్కడ మీరు వేసిన కోటింగ్ కూడా పోతుంది. ఆయన ఫ్రీ పాలిష్ అంటున్నది నిజానికి ఫ్రీగా మళ్లీ కోటింగ్ వేయమనడమే. ఈ ముక్క ఆయనకి బహుశా తెలియదు. ప్యానెల్‌కి ఇంత అవుతుందని రాసి చూపించండి.

బావమరిది బండిని దీనితో ముడిపెట్టనివ్వకండి. దాన్ని విడిగా తెమ్మనండి, విడిగా చూడండి, అందరికీ చెప్పే రేటే చెప్పండి.

ఇంతా విని కూడా నీడలో నిలబడి చూడటానికి ఒప్పుకోకుండా రివ్యూ పేరుతోనే బెదిరిస్తుంటే అప్పుడు ఆపేయండి. ఒక్క స్టార్ పెడితే పెట్టనివ్వండి. ఏ తేదీన ఏం పని చేశారో, ఏం చేసిస్తామన్నారో కింద రెండు లైన్లలో మర్యాదగా రాయండి. కొత్తగా వచ్చేవాళ్లు ఆ జవాబు కూడా చదువుతారు. ఆయనకి చెప్పేది మాత్రం మీరే చెప్పండి, కుర్రాళ్లతో చెప్పించకండి. ముందు ఫోన్ చేసి, తర్వాత వాట్సాప్‌లో ఇంతే పెట్టండి: ‘సార్, మీరు కోరుకున్నట్టు ఈ బండికి నేను చేయలేకపోతున్నాను. దయచేసి వేరే చోట చూపించుకోండి.’ డబ్బులేమైనా తిరిగి ఇవ్వాల్సి ఉంటే మెసేజ్ కంటే ముందే పంపేయండి.