హెండ్రిక్స్ కచేరీలు చూడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు గిటార్ నేర్చుకుంటున్నావనీ, అమెరికన్ రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ కచేరీల వీడియోల్లో ముందు ఏది చూడాలో నన్ను అడగమన్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో తేలే మాట కాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ఫోన్ స్పీకర్‌లో చూడకు. అందులో బేస్ గిటార్ దాదాపు వినపడదు, డ్రమ్స్ పలచబడిపోతాయి. హెండ్రిక్స్ వాయించేదంతా ఆ రెండిటి మీద ఆనుకుని ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకో, లేదా ఇంట్లో స్పీకర్లు ఉంటే వాటికి కలుపు. రెండు మూడు నిమిషాల ముక్కలు కాకుండా, పాట మొదటి నుంచి చివరి దాకా ఉన్న రికార్డింగ్ వెతుక్కో.

గిటార్‌కి నిప్పు పెట్టిన వీడియో నువ్వు ఈపాటికే చూసి ఉంటావు. అది 1967 జూన్ 18 రాత్రి, కాలిఫోర్నియాలోని మాంటెరేలో, ఒక పెద్ద సంగీతోత్సవంలో జరిగింది. అమెరికాలో పెద్దగా పేరు లేని కుర్రాడు ఇంగ్లండ్ వెళ్లి అక్కడ పేరు తెచ్చుకుని, సొంత దేశంలో పెద్ద వేదిక ఎక్కిన రోజు. ముందు ఎవరు వాయించాలని ‘ద హూ’ అనే ఇంగ్లండ్ రాక్ బృందంతో నాణెం ఎగరేశారు. వాళ్లు ముందు వాయించి గిటార్ విరగ్గొట్టి దిగిపోయారు. ఆ తర్వాత వేదిక ఎక్కినవాడు నిప్పు దాకా ఎందుకు వెళ్లాడో అర్థం చేసుకోవచ్చు. కానీ నువ్వు నిప్పు దగ్గర మొదలుపెట్టకు. అదే కచేరీలో మొదటి పాట ‘కిల్లింగ్ ఫ్లోర్’ చూడు. అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతమైన బ్లూస్‌లో హౌలిన్ వుల్ఫ్ అనే గాయకుడు పాడిన పాట అది. పాటకి ఆధారంగా రిథమ్ వాయించే మనిషి, దాని మీద రాగం పలికించే లీడ్ మనిషి వేర్వేరుగా ఉన్నారేమో అనిపిస్తుంది. స్టేజీ మీద ఉన్న గిటార్ మాత్రం ఒక్కటే.

అదే రోజు మధ్యాహ్నం అదే వేదిక మీద రవిశంకర్ సితార్ వాయించాడు, తబలా మీద అల్లా రఖా. దర్శకుడు పెన్నెబేకర్ ఆ ఉత్సవం మీద తీసిన డాక్యుమెంటరీ ముగిసేది ఆ సితార్‌తోనే, అది కూడా తప్పకుండా చూడు. రాత్రి గిటార్‌కి నిప్పు పెట్టడం రవిశంకర్‌కి అస్సలు నచ్చలేదు. దసరాకి వాద్యాలకు బొట్టు పెట్టే ఇళ్లలో పెరిగిన మనకి ఆయన బాధ తెలుస్తుంది. హెండ్రిక్స్ చేసింది అపచారం అని మాత్రం నేను అనను. ఆ నిప్పు కంటే ముందు నలభై నిమిషాలు ఆ చేతులు ఏం చేశాయో చూసినవాళ్లు అలా అనలేరు.

ఇప్పుడు చేతుల సంగతి. హెండ్రిక్స్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ని తిరగేసి, తీగల వరస మార్చి కట్టుకున్నాడు. అంటే లావు తీగ మామూలుగానే పైన ఉంటుంది. నీకు ఇందులో ఒక మేలుంది. నువ్వు కుడిచేత్తో మీటేవాడివి. స్క్రీన్ ముందు గిటార్ పట్టుకుని కూర్చుంటే ఆయన నీకు అద్దంలో నీలాగే కనిపిస్తాడు. మెట్లు నొక్కే చెయ్యి నీకు ఎడమవైపు, మీటే చెయ్యి కుడివైపు. మిగతా గిటారిస్టుల వీడియోల్లో ఎడమ కుడి తారుమారై నేర్చుకునేవాళ్లు తికమకపడతారు, హెండ్రిక్స్ దగ్గర ఆ గొడవ లేదు.

మెట్లు నొక్కే చేతి బొటనవేలు చూడు. గిటార్ మెడ వెనక నుంచి పైకి వచ్చి లావు తీగని నొక్కేస్తుంది. బేస్ స్వరం పని దానికి అప్పజెప్పి, మిగతా వేళ్లని కింది తీగల మీద చిన్న చిన్న పలుకులకి వదిలేస్తాడు. మన వీణలో తీగని లాగి గమకం పలికించినట్టే తీగని పక్కకి నెట్టి స్వరాన్ని పైకి తీసుకెళ్తాడు, అక్కడే ఊపుతాడు. అది వేళ్ల బలంతో జరిగే పని కాదు, మణికట్టు తిరగడం గమనించు.

ఒకే పాటని మూడుసార్లు చూడమంటాను. ఒకసారి చేతులు, ఒకసారి కాలు, ఒకసారి డ్రమ్మర్ మిచ్ మిచెల్. కాలు ఎందుకంటే గిటార్ శబ్దాన్ని మార్చే పరికరాలు, అంటే వా-వా పెడల్, ఫజ్, యూని-వైబ్, అన్నీ కింద ఉంటాయి. స్వరం ఉన్నట్టుండి మాట్లాడినట్టు మారితే, వేళ్లతో పాటు కాలు కూడా ఏదో చేసిందన్నమాట. అప్పుడప్పుడు జనానికి వీపు తిప్పి గిటార్ శబ్దాన్ని పెంచే మార్షల్ యాంప్‌ల వైపు నడుస్తాడు. చాలామంది అది స్టైల్ అనుకుంటారు. నిజానికి స్పీకర్‌లోంచి వచ్చే శబ్దం తీగని మళ్లీ కదిలిస్తుంది, దాంతో స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అదే ఫీడ్‌బ్యాక్. యాంప్‌కి ఎంత దూరంలో, ఏ కోణంలో నిలబడితే ఏ స్వరం పట్టుకుంటుందో వెతుక్కుంటున్నాడన్నమాట. తీగల బిగువు మార్చే వామీ బార్ అనే కడ్డీని అంత గట్టిగా నొక్కితే తీగలు శ్రుతి తప్పుతాయి. పాట మధ్యలోనే మరలు తిప్పి సరిచేసుకుంటూ వాయిస్తాడు, దాన్ని కూడా పట్టుకో.

ఇక అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం. 1969 ఆగస్టు 18, సోమవారం ఉదయం. పండగ ఆదివారం రాత్రికే అయిపోవాలి, ఆలస్యమై తెల్లారింది. లక్షల్లో వచ్చిన జనంలో ఎక్కువమంది ఇళ్లకి వెళ్లిపోయారు. ఖాళీ అవుతున్న పొలం ముందు, సరిగ్గా రిహార్సల్ లేని కొత్త బృందంతో రెండు గంటల పాటు వాయించాడు. బృందంలో రెండో గిటారిస్టు లారీ లీ ఉన్నాడు, కానీ రికార్డింగ్‌లో అతను దాదాపు వినపడడు. వుడ్‌స్టాక్ మీద తీసిన సినిమాలో ఆయన కచేరీ చివరి భాగమే ఉంది. తర్వాత విడిగా వచ్చిన కచేరీ వీడియో చూస్తే మొదట్లో బృందం ఎంత తడబడిందో, ఎక్కడ కుదురుకుందో తెలుస్తుంది.

అమెరికా జాతీయగీతం దగ్గర మాత్రం ఒక్కడివే కూర్చుని విను. మొదట గీతాన్ని ఉన్నదున్నట్టే పలికిస్తాడు. రాకెట్లు, బాంబులు అనే మాటలొచ్చే చోట వామీ బార్‌తో, ఫీడ్‌బ్యాక్‌తో వాటి శబ్దాలే తీస్తాడు. మధ్యలో సైనికుల అంత్యక్రియలప్పుడు ఊదే ‘ట్యాప్స్’ బాణీ రెండు ముక్కలు వినిపిస్తుంది. అప్పటికి వియత్నాంలో యుద్ధం నడుస్తోంది. హెండ్రిక్స్ స్వయంగా 1961, 62ల్లో సైన్యంలో పారాట్రూపర్. పక్కన బేస్ వాయిస్తున్న బిల్లీ కాక్స్ సైన్యంలోనే స్నేహితుడయ్యాడు. లారీ లీ అయితే వియత్నాం నుంచి అప్పుడే తిరిగొచ్చినవాడు. కొన్ని వారాల తర్వాత డిక్ కావెట్ టీవీ షోలో దీని గురించి అడిగితే, తనకి అది అందంగానే అనిపించిందని హెండ్రిక్స్ శాంతంగా చెప్పాడు. ఆ ఇంటర్వ్యూ కూడా చూడు, మనిషి ఎంత మెత్తగా మాట్లాడేవాడో తెలుస్తుంది.

అన్నిటిలో ఏది గొప్పదని అడిగితే నా జవాబు ఇవేవీ కాదు. 1970 జనవరి 1న న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే హాల్లో వాయించిన ‘మెషిన్ గన్’. నలుపు తెలుపు వీడియో, మసక వెలుతురు, కెమెరా పనితనం అంతంత మాత్రం. అందుకే చాలామంది ఒక నిమిషం చూసి మానేస్తారు. నువ్వు పన్నెండు నిమిషాలూ ఉండు. డ్రమ్మర్ బడ్డీ మైల్స్ డ్రమ్ మీద తుపాకీ పేలినట్టు కొడుతుంటాడు. హెండ్రిక్స్ పళ్లతో వాయించడు, వీపు వెనక పెట్టుకుని వాయించడు, దాదాపు కదలడు. సోలో మొదట్లో ఒకే స్వరాన్ని పైన నిలబెట్టి ఉంచుతాడు. ఆ స్వరం అరుపులా మొదలై ఏడుపులోకి జారుతుంది. మాంటెరేలో ఒంటితో చేసిందంతా ఇక్కడ తీగ మీదికి వచ్చేసింది. నాకు హెండ్రిక్స్ అంటే ఇదే.

ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలో జరిగిన కచేరీ చివరికి ఉంచుకో. 1970 ఆగస్టు 30 అర్ధరాత్రి దాటాక ఇంగ్లండ్‌లో వాయించింది, చిత్రీకరించింది మర్రే లెర్నర్. యాంప్‌లలోకి సెక్యూరిటీ వాళ్ల వాకీటాకీ మాటలు దూరి అక్కడక్కడ వినిపిస్తుంటాయి. తర్వాత మూడు వారాలు కూడా గడవకుండానే, సెప్టెంబర్ 18న లండన్‌లో 27 ఏళ్లకే పోయాడు. అందుకని ఆ వీడియోలో ప్రతి అలసటలోనూ మరణాన్ని వెతుకుతారు. నువ్వు ఆ పని చెయ్యకు. అందులో ‘రెడ్ హౌస్’ అనే నెమ్మది బ్లూస్ ఉంది. గిటార్ నేర్చుకునేవాడికి అంతకంటే మంచి పాఠం లేదు. ఒక్కో పలుకు తర్వాత ఎంతసేపు ఆగుతాడో విని, ఆ ఖాళీలతో సహా రెండు వరసలు నీ గిటార్ మీద వాయించు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు వినిపించు.

ప్రేమతో,
మావయ్య