రెప్ప మీది వాపా, కంటి గూటిలో ఇన్ఫెక్షనా?

బాబు కన్ను ఉబ్బింది, ఇన్ఫెక్షన్ పైదా లోపలిదా ఎలా తెలుస్తుందని అడిగారు. వాపును బట్టి చెప్పలేం. రెండింటిలోనూ రెప్ప ఎర్రగా ఉబ్బుతుంది, జ్వరమూ రావచ్చు. చూడాల్సింది కనుగుడ్డుని.

రెప్ప వెనక పల్చటి పొర ఒకటుంటుంది. ఇన్ఫెక్షన్ దాని ముందే ఆగితే చూపు తగ్గదు, గుడ్డు నొప్పి లేకుండా తిరుగుతుంది. కంటికురుపు, పురుగు కాటు, చిన్న గాయం నుంచి ఇది మొదలవుతుంది. చాలామందికి నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్‌తోనే తగ్గుతుంది.

పొర దాటితే కథ వేరు. తల కదపకుండా మీ వేలినే చూడమని, వేలిని నాలుగు వైపులా జరపండి. కన్ను తిప్పగానే ‘అబ్బా’ అన్నా, కన్ను సరిగా తిరగకపోయినా, వేలు రెండుగా కనిపించినా, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినా, చూపు మసకబారినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ లోపలి ఇన్ఫెక్షన్ ఎక్కువగా సైనస్ (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గది) నుంచి వస్తుంది. ముక్కు పక్కనున్న సైనస్‌కీ కంటి గూటికీ మధ్య ఎముక కాగితమంత పల్చన మరి! సీటీ స్కాన్ తీసి, నరానికి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. చీము చేరితే ఒక్కోసారి ఆపరేషన్ కూడా. ఆలస్యమైతే చూపు పోవచ్చు, మెదడుకూ పాకవచ్చు.

రెప్ప అసలు తెరుచుకోకపోతే, లేదా చంటిబిడ్డయితే, ఈ వేలి పరీక్ష మానేసి నేరుగా డాక్టరుకే చూపించండి.