టెక్ సందేహాలు: వేలిముద్ర పాస్‌వర్డ్ కాదు

చిత్తూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్: ఈ మధ్యే ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ చేయించాను. దస్తావేజు మీద నా ఆధార్ నంబరు, వేలిముద్ర రెండూ ఉన్నాయి. వాటితో బ్యాంకు ఖాతాలో డబ్బు తీసేయొచ్చని మా అల్లుడు అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. నిజమేనా?

మీ అల్లుడుగారు అన్నది నిజమే. ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతిలో కార్డు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. దస్తావేజుల మీది ముద్రలను సిలికాన్ లాంటి పదార్థంతో నకలు చేసి డబ్బు కాజేసిన ముఠాలు దేశంలో చాలాచోట్ల దొరికాయి. 2023 నుంచి ఆధార్ వ్యవస్థ, మిషన్ మీద పెట్టినది బతికున్న వేలా, నకలా అని కూడా పరీక్షిస్తోంది. అయినా ఆ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

వేలిముద్ర మనిషిని గుర్తుపట్టడానికి పుట్టింది, రహస్యం దాచడానికి కాదు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించాడు. మాట తప్పితే ‘ఇది నీ చెయ్యే’ అని చూపించడానికి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతిని అక్కడ నిలబెట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఈ అన్యాయం గురించి ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలి.

రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ సెక్షన్ మీ దగ్గర ముద్ర అడిగేదీ గుర్తింపు కోసమే. అదే ముద్రను డబ్బు పెట్టెకి తాళంగా వాడటంతో చిక్కు వచ్చింది. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం, వేలిని మార్చుకోలేం కదా!

కాబట్టి ఆధార్ సంస్థ అధికారిక యాప్‌లోగానీ మైఆధార్ వెబ్‌సైట్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ పెట్టండి. ఆధార్‌కి మీ ఫోన్ నంబరు లింకై ఉండాలి. లాక్ చేస్తే వేలిముద్రతో పాటు కనుపాప, ముఖం కూడా పనిచేయవు. అవసరమైనప్పుడు లాక్ కాసేపు తీసేయొచ్చు. ఏఈపీఎస్ అసలు వాడకపోతే దాన్ని ఆపేయమని బ్యాంకులో రాసివ్వండి. తెలియకుండా డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పండి. మూడు పనిదినాల్లోపు చెప్పడం ముఖ్యం. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేని మోసమైతే, ఆలోపు చెప్పిన ఖాతాదారు మీద నష్టం పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే ఆదేశించింది.

నగరి నుంచి ఒక పాఠకుడు: మా అమ్మ ఏళ్ల తరబడి నూలుకు రంగులద్దే పని చేసింది. రేషన్ మిషన్ ఆమె వేలిముద్ర తీసుకోవడం లేదు. ఏం చేయాలి?

పనిచేసిన చేతులకే ఈ శిక్ష పడటం చూస్తే మనసు కలుక్కుమంటుంది. రాపిడికి, రసాయనాలకు పైచర్మం అరుగుతుంది. గీతల అచ్చు లోపలి పొరలో ఉంటుంది కాబట్టి, పని ఆపి కొన్ని వారాలు గడిస్తే చాలామందికి గీతలు తిరిగి తేలతాయి. వయసు మీద పడితే మాత్రం అవి పలచబడతాయి, వేలు పొడిబారుతుంది. చేతులు కడిగి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి, శుభ్రంగా తుడిచాక పెట్టించండి. బొటనవేలే అని పట్టుపట్టకుండా పది వేళ్లూ ప్రయత్నించండి. ఏ వేలు బాగా పడుతుందో గుర్తుపెట్టుకోండి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి. అమ్మగారికి పైన చెప్పిన లాక్ మాత్రం పెట్టొద్దు, రేషన్ దగ్గర చిక్కు వస్తుంది. ముద్ర పడలేదన్న కారణంతో సరుకులు ఆపకూడదని, వేరే దారి చూపాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబరులోనే చెప్పింది. డీలర్ వినకపోతే తహసీల్దారుకు అర్జీ పెట్టండి. అది ఆమె హక్కు.

తిరుపతి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: మేము కవలలం, అచ్చం ఒకేలా ఉంటాం. చెల్లి నా ఫోన్ తెరిచేస్తోంది! వేలిముద్రలు కూడా ఒకటేనా?

కావు. గర్భంలో నాలుగో నెల అటూఇటూగా గీతలు ఏర్పడేటప్పుడు వేలిమీద పడే ఒత్తిడి, వేలు పెరిగే వేగం ఇద్దరికీ ఒకేలా ఉండవు. శంఖాలు, చక్రాలు కలవొచ్చేమో గానీ గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్నది కలవదు. ఫోన్ చూసేది ఇలాంటి తేడాలనే. మీ ఫోన్‌లో ఫేస్ అన్‌లాక్ ఆన్‌లో ఉండి ఉంటుంది, కవలల దగ్గర అది మోసపోవచ్చు. దాన్ని ఆపేయండి. సెట్టింగ్స్‌లో ఎన్ని వేళ్లు నమోదయ్యాయో కూడా చూసి, మీవి కానివాటిని తీసేయండి. పిన్ మార్చడం మర్చిపోవద్దు, చెల్లికి ఈపాటికే అది తెలిసి ఉంటుంది.