రోడ్డు వెంట వెళ్తే ఎవరి పని ఏమిటో తెలుస్తుంది

ప్రశ్న: బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. గ్రూప్-2 రాయాలని ఉంది. సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీ, ఎమ్మెల్యే, ఎంపీ... ఎవరి పని ఏమిటో ఎన్నిసార్లు చదివినా కలగాపులగం అయిపోతోంది. జనానికి పనికొచ్చేలా బతకాలంటే ఉద్యోగం మేలా, రాజకీయం మేలా అన్నదీ తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఈ తికమక మీ ఒక్కరిదే కాదు. వీధిలో మురికి కాలువ పూడిపోయినా ఎమ్మెల్యే దగ్గరికే పరిగెత్తడం మనకు అలవాటు. అందుకే పుస్తకంలో ఏం చదివినా మనసుకు ఎక్కదు. కాసేపు పుస్తకం పక్కన పెట్టి, మీ ఊళ్లో రోడ్డు వెంట నడవండి.

ఇంటి ముందున్న సీసీ రోడ్డు, కాలువ, వీధి దీపం గ్రామ పంచాయతీ చూసుకోవాల్సినవి. ఇంటి పన్ను వసూలు చేసే అధికారం కూడా పంచాయతీదే. ఊరు దాటి మండల కేంద్రానికి వెళ్లే రోడ్డు చాలాచోట్ల పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం కింద ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు, అంటే రాష్ట్ర ప్రభుత్వానిది. జాతీయ రహదారి ఎక్కారంటే కేంద్రం పరిధిలోకి వచ్చినట్టే.

ఇప్పుడు ఆ ఆర్ అండ్ బీ రోడ్డు మీద గుంతలు పడ్డాయనుకోండి. ఎమ్మెల్యే తనంతట తాను టెండరు పిలిచి పూడ్పించలేరు. సభలో మంత్రిని నిలదీయగలరు, బడ్జెట్‌పై మాట్లాడి ఓటేయగలరు. చట్టాలు చేయడం ఆయన అసలు పని. ఎంపీ అదే పని పార్లమెంటులో చేస్తారు. నియోజకవర్గంలో అభివృద్ధి పనులకు ఉద్దేశించిన ఎంపీలాడ్స్ పథకం కింద ఏటా ఉండే 5 కోట్లు కూడా ఎంపీ చేతికి రావు. ఏ పని కావాలో సిఫారసు చేయడం వరకే ఆయన వంతు, మంజూరు చేసి పని చేయించేది జిల్లా యంత్రాంగం. శిలాఫలకం మీద పేరు చూసి చాలామంది పొరబడేది ఇక్కడే.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ప్రతి మెట్టులో ఎన్నికైన మనిషి పక్కన ఒక అధికారి ఉంటారు. సర్పంచ్ పక్కన పంచాయతీ కార్యదర్శి, ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షులు) పక్కన ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి), జడ్పీ ఛైర్‌పర్సన్ పక్కన సీఈవో, మంత్రి పక్కన శాఖ కార్యదర్శి. ఏం చేయాలో నిర్ణయించి జనానికి జవాబు చెప్పుకోవడం ఒకరి వంతు, దాన్ని నిబంధనల ప్రకారం నడిపించడం మరొకరి వంతు. గ్రూప్-2తో వచ్చే గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్ పోస్టు ఈ రెండో కోవలోది. ఈ రెంటిలో మీ స్వభావానికి ఏది సరిపోతుందో చూసుకోండి. ఉద్యోగంలో ఉంటూ పోటీ చేయడం కుదరదు. పంచాయతీ ఎన్నికలకు 21 ఏళ్లు, అసెంబ్లీకీ లోక్‌సభకూ 25, రాజ్యసభకు 30 నిండాలి. కాబట్టి ఇప్పుడే తేల్చేసుకోవాలన్న తొందర వద్దు.

పరీక్ష కోసం కొన్ని గుర్తుంచుకోండి. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు, పట్టణాలకు సంబంధించిన 12వ షెడ్యూల్‌లో 18. సర్పంచ్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు, పార్టీ గుర్తులుండవు. ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యులు), జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యులు) ఎన్నికలు పార్టీ గుర్తులపైనే జరుగుతాయి. ఎంపీపీని ఎంపీటీసీలు, జడ్పీ ఛైర్‌పర్సన్‌ను జడ్పీటీసీలు ఎన్నుకుంటారు.

మూడో దారి కూడా ఉంది. చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ నడిపిన లాంప్ ఫెలోషిప్‌లో యువ గ్రాడ్యుయేట్లు ఒక ఎంపీ దగ్గర ఉండి, సభలో ఆయన అడిగే ప్రశ్నలకు, చర్చలకు కావాల్సిన పరిశోధన చేసిపెట్టేవారు. చట్టసభ లోపలి పని ఇంత దగ్గరగా చూసే అవకాశం మరో చోట దొరకడం కష్టం. డిగ్రీ అయ్యాక ఇలాంటి ఫెలోషిప్ ఏదైనా నడుస్తుంటే తప్పక ప్రయత్నించండి.

ఈలోగా మీ ఊళ్లో జరిగే గ్రామసభకు వెళ్లి కూర్చోండి. ఎవరు అడిగారు, ఎవరు జవాబిచ్చారు, ఏది తీర్మానంగా రాసుకున్నారు, ఏది మాటలతోనే పోయింది, అన్నీ నోట్సులో రాసుకోండి. మూడు నెలల తర్వాత ఆ తీర్మానాల్లో ఒకటి పట్టుకుని ఎక్కడిదాకా వచ్చిందో కార్యదర్శిని అడగండి.