లావా ఎరుపు తెల్లబడకుండా ఉండాలంటే

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి హవాయి చూపించాడు. కిలావేయా అగ్నిపర్వతంలో లావా ఎగజిమ్ముతున్న రాత్రి ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 1600, షట్టర్ 20 సెకన్లు పెట్టి తీశాను. అంతా తెల్లటి మచ్చలా వచ్చింది. కంటికి కనిపించిన ఎరుపు ఏమైంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చీకటి కదా అని షట్టర్ ఎక్కువసేపు తెరిచారు. నక్షత్రాలకైతే అది సరే. ఇక్కడ మీరు తీస్తున్నది మండే కొలిమిని. ఐఎస్ఓ 400, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/5.6, షట్టర్ సెకనులో 250వ వంతుతో మొదలుపెట్టండి. అపర్చర్ అదే అనుకుంటే, మీ ఎక్స్‌పోజర్ (ఫొటోలో నమోదయ్యే వెలుగు) దీనికి 20,000 రెట్లు! సెన్సర్‌లో ముందు ఎరుపు నిండిపోతుంది, తర్వాత ఆకుపచ్చ, ఆఖరున నీలం. అందుకే ఎరుపు కాస్తా పసుపై, తెల్లబడిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫ్) ఈ తేడా సరిగా తెలియదు. మూడు రంగులనూ విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గ్రాఫ్ కుడి అంచుకు తగలకుండా షట్టర్ వేగం పెంచుతూ పోండి. 2025లో అక్కడ కొన్ని విడతల్లో లావా 300 మీటర్లు దాటి లేచింది. అంత ఎత్తుకు పోయిన ముద్దలు చల్లారి నల్లబడతాయి కాబట్టి కింద, మొదట్లో ఉన్న వెలుగునే లెక్కలోకి తీసుకోవాలి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) డేలైట్‌లో ఉంచి, రా ఫైల్‌గా (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్) తీయండి. ఆటోలో వదిలితే రంగు పాలిపోతుంది.

బిలం గోడలు కూడా కనిపించాలంటే సూర్యాస్తమయం తర్వాత 20, 30 నిమిషాలే అదను. కిలావేయాది దాదాపు మన ఆదిలాబాద్ అక్షాంశమే. మునిచీకటి అక్కడా తొందరగానే కమ్ముకుంటుంది. వెలుగుండగానే బిలం అంచు మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. గాలికి ట్రైపాడ్‌కు తగిలించిన సంచి ఊగితే ఫొటో అదురుతుంది. అది నేలకు ఆనేలా కట్టండి.

లాంగ్ ఎక్స్‌పోజర్ బాగా పండేది ఇటలీలోని స్ట్రాంబోలి అగ్నిపర్వతం దగ్గర. అక్కడివి చిన్న చిన్న పేలుళ్లు. ఐఎస్ఓ 200, ఎఫ్/8, 8 నుంచి 15 సెకన్లు తెరిస్తే ఒక్కో నిప్పుకణం ఒక్కో వంపు గీసి పోతుంది.

ప్రశ్న: కిలావేయా దగ్గరే నా లెన్స్ మీద బంగారు రంగు వెంట్రుకల్లాంటివి పడ్డాయి. తుడిస్తే గీతలు పడ్డాయి. ఎందుకని?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అవి గాజు పోగులు. ఎగసిన లావా గాలిలో సాగి, చల్లారితే ఇలా తయారవుతాయి. హవాయి వాళ్ల అగ్నిదేవత పేరు మీద 'పెలే జుట్టు' అంటారు. గుడ్డ తగలనివ్వొద్దు. లెన్స్‌ను కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, ఇంకా మిగిలితే మెత్తటి బ్రష్‌తో తాకీ తాకనట్టు తీసేయాలి. ముందే యూవీ ఫిల్టర్ బిగించుకుంటే గీతలు దానితో పోతాయి. ఆ గాలిలో లెన్స్ మార్చకండి, కళ్లు నలపకండి.